"మటన్ ఖాలీ, కుష్కా ఇదె" అన్నాడు. వచ్చే ఆదివారం ఏడుగురిని ఎక్కడికి తీసుకెళ్ళాలి?

బ్రాడీపేట_బాబు
ముందు నా ఏడుపు వినండి, ప్రశ్న చివర్లో ఉంది.

మా బావ గుంటూరు నుంచి వచ్చి నాలుగు రోజులున్నాడు. "మీ బెంగళూరులో తిండేముందిరా, సాంబారులో బెల్లం తప్ప" అని వచ్చిన పూటే మొదలుపెట్టాడు. నాకు రోషం వచ్చింది. ఆదివారం తెల్లారకముందే బిర్యానీ కోసం జనం హోస్కోటె వెళ్ళి వరస కడతారు, అలాంటిది గుంటూరులో చూపించు అన్నాను. శనివారం రాత్రి 3 గంటలకి అలారం పెట్టాను. బావ, ఆఫీసు స్నేహితులు ఇద్దరు, నేను. వైట్‌ఫీల్డ్ నుంచి మంచులో మెల్లగా పోయి నాలుగున్నరకి దిగితే, అప్పటికే మా ముందు వీధి మలుపు దాకా జనం. మంకీ క్యాపులు, స్వెట్టర్లు, ఒకాయన భుజం మీద నిద్రపోతున్న పిల్లాడు. డేగిశా మూత తీసినప్పుడల్లా ఆవిరి లేచి, ఆ వాసన మా దాకా వచ్చి మళ్ళీ పోతోంది. రెండు గంటలు నిలబడ్డాం. మా వంతు వచ్చింది. గరిటె పట్టుకున్నాయన అడుగంటా ఒకసారి గీకి, నా మొహం చూసి, "మటన్ ఖాలీ, కుష్కా ఇదె" అన్నాడు.

తెలియనివాళ్ళకి చెప్తున్నా, మటన్ అయిపోయింది, కుష్కా ఉంది అని. కుష్కా అంటే ముక్క లేని బిర్యానీ అన్నం. బావ పొట్లం విప్పి చూసి ఒకే మాట అన్నాడు: "చద్దన్నం పెట్టడానికి మూడింటికి లేపావట్రా?" ఇప్పుడు మా చుట్టాల్లో నా పేరు కుష్కా బాబు.

ఇక ప్రశ్న. ఈ ఆదివారం మా అమ్మా నాన్నా, మా అత్తయ్యా ఇక్కడే ఉంటారు. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నేను. మొత్తం ఏడుగురు. నాన్నకి సాంబారు తియ్యగా ఉంటే పళ్ళెం పక్కకి నెట్టేస్తారు. అత్తయ్య ఆదివారం మాంసం ముట్టదు, వండిన చోట కూర్చోదు కూడా. చిన్నాడికి ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతులు. చీకటి పడేలోపు ఇంటికి రావాలి. ఎక్కడికి వెళ్ళాలో చెప్పండి. ఈసారి పరువు పోతే ఊరు మారడమే.

మారతహళ్ళి_మామ
కుష్కా బాబు 😂😂 హ్యాండిల్ మార్చుకో బాబూ.

నాలుగున్నరకి వెళ్ళడమే నీ తప్పు. మేము రెండున్నరకి బయల్దేరి, అక్కడ కార్లో పడుకుంటాం. ఒకడు వరసలో ఉంటాడు, గంటకొకడు మారతాడు.

కోరమంగళ_కోడలు
అసలు సూర్యుడు రాకుండా బిర్యానీ తినడమేంటి? మా వారూ ఇలాగే స్నేహితులతో వెళ్ళి ఎనిమిదింటికి వస్తారు. వచ్చి సాయంత్రం దాకా పడుకుంటారు. ఆదివారం అంతా మసాలా వాసన వేసే దుప్పటి చూస్తూ కూర్చుంటాను నేను.

మారతహళ్ళి_మామ
@కోరమంగళ_కోడలు ఆ దుప్పటి వాసన కోసమే వెళ్ళేది అక్కా.

లెక్కల_మాస్టారు
ఏడుగురు అన్నారు. కారు ఎన్ని సీట్లది? అది చెప్పకుండా ఊళ్ళు చెప్పమంటే ఎలా?

బ్రాడీపేట_బాబు
@లెక్కల_మాస్టారు ఏడు సీట్లదే. వెనక వరస పేరుకే సీటు. అక్కడ పిల్లలూ, మా ఆవిడ తెచ్చే సంచులూ.

ఫిల్టర్_పద్మ
ఊరు దాటి ఎందుకు పోవడం? పొద్దున్నే బసవనగుడి వెళ్ళండి, దొడ్డ గణపతి, బసవన్న గుడి చూడండి, పక్కనే గాంధీ బజార్. విద్యార్థి భవన్‌లో దోసె తినిపించండి. 1943 నుంచి ఉంది. సర్వరు చేతి మీద దోసె ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని జనం మధ్యలోంచి వస్తుంటే పిల్లలు నోరు తెరుస్తారు. ఇంకా కావాలంటే లాల్‌బాగ్ రోడ్డులో ఎం.టి.ఆర్. ఉంది, 1924 నాటిది. రవ్వ ఇడ్లీ వాళ్ళదే అంటారు, రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం దొరక్క రవ్వతో చేశారట.

మీ నాన్నగారి సాంబారు సమస్యకి శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్ ఉంది. అక్కడ సాంబారే ఇవ్వరు. ఇడ్లీ, వడ, చట్నీ. చట్నీ ఎంత కావాలంటే అంత. గొడవే లేదు.

బ్రాడీపేట_బాబు
సాంబారే లేకపోతే నాన్న ఇంకా బాధపడతారేమో 😀 తిట్టడానికి ఏదో ఒకటి ఉండాలి ఆయనకి.

లెక్కల_మాస్టారు
@ఫిల్టర్_పద్మ ఆదివారం పొద్దున గాంధీ బజార్‌లో ఏడుగురికి ఒకే చోట సీట్లు దొరకాలంటే గంట బయట నిలబడాలి. శంకరపురంలో కూర్చునే ఏర్పాటే లేదు, ప్లేటు చేత్తో పట్టుకుని రోడ్డు పక్కన తినాలి. అత్తయ్యగారి మోకాళ్ళ సంగతేంటి?

ఫిల్టర్_పద్మ
మోకాళ్ళ గురించి ఆయనేం చెప్పలేదే?

లెక్కల_మాస్టారు
అత్తయ్య అంటే మోకాళ్ళు ఉంటాయి.

బైకు_బాబ్జీ
మైసూరు రోడ్డు. ఇంకో మాట లేదు. బిడదిలో తట్టె ఇడ్లీ, మద్దూరులో వడ, అయిపోయింది. తట్టె ఇడ్లీ అంటే పళ్ళెమంత ఉంటుంది, పైన వెన్న ముద్ద. మద్దూరు వడ మన వడలా గుండ్రంగా ఉబ్బి ఉండదు. బియ్యప్పిండి, రవ్వ, మైదా, బోలెడు ఉల్లిపాయ, పల్చగా నొక్కి కరకరలాడేలా వేయిస్తారు. చట్నీ లేకపోయినా తినొచ్చు.

సైలెంట్_రీడర్
@బైకు_బాబ్జీ కొత్త ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక ఆ ఊళ్ళు తగలవు కదా. మేము పోయిన నెల మద్దూరు వడ తిందామని బయల్దేరాం. మాట్లాడుకుంటూ మలుపు వదిలేశాం. తేరుకునేసరికి శ్రీరంగపట్నం. టోల్ కట్టి, ఆకలితో, తినకుండా వచ్చాం. మా ఆవిడ ఇప్పటికీ ఆ వడ అప్పు అంటుంది.

బైకు_బాబ్జీ
హహ. అందుకే బైకు కొనండి. 2023 ఆగస్టు 1 నుంచి ఆ ఎక్స్‌ప్రెస్‌వే మీదకి మమ్మల్ని రానివ్వట్లేదుగా. అందరూ మమ్మల్ని చూసి జాలిపడ్డారు. మేము సర్వీసు రోడ్డులో, ఊళ్ళలోంచి, వడలు తింటూ పోతున్నాం. మీరు టోల్ కట్టి ఆకలితో పోతున్నారు.

కాకినాడ_కాజా
ఇది మాత్రం నిజమండీ. బైపాస్ వేస్తే ముందు పోయేది టిఫినే.

హిందూపురం_పిల్ల
లేపాక్షి పెట్టుకోండి. నంది హిల్స్ అయితే కొండెక్కాలి, చిన్నాడికి వాంతులు. లేపాక్షి అంతా చదును రోడ్డే, 120 కి.మీ. దాకా ఉంటుంది. వీరభద్రస్వామి గుడిలో వేలాడే స్తంభం కింద నుంచి చీర కొంగు లాగించండి అత్తయ్యగారితో, ఇంటికెళ్ళాక సంవత్సరం చెప్పుకుంటారు. ఊరి మొదట్లో ఏకశిలా నంది. ఆంధ్రాలోకి వచ్చేస్తారు కాబట్టి సాంబారు భయం లేదు.

లెక్కల_మాస్టారు
లేపాక్షిలో తిండి?

హిందూపురం_పిల్ల
అది మాత్రం ఇంట్లో కట్టుకెళ్ళండి. మా ఊరని అబద్ధం చెప్పలేను.

కోరమంగళ_కోడలు
నేను చెప్దామనుకున్నది అదే. పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటే ఈ గొడవలేవీ ఉండవు. ఏ చెట్టు కింద ఆపితే అదే హోటలు.

మారతహళ్ళి_మామ
తిండి కోసం ఊరు దాటేవాణ్ణి పులిహోర పట్టుకెళ్ళమంటారేంటి అక్కా. పెళ్ళికి వెళ్తూ క్యారేజీ కట్టుకున్నట్టుంది.

చిత్తూరోడు
అందరివీ చదివినా. నా మాట వినండి, ముళబాగిలు పొండి.

నేను పదకొండేళ్ళుగా ఆ రోడ్డు మీద నెలకోసారి తిరుగుతున్నా. హోస్కోటె, కోలారు, ముళబాగిలు, పలమనేరు, మా చిత్తూరు. ముళబాగిలు దాకా దారంతా చదును. వైట్‌ఫీల్డ్ నుంచి పొద్దున ఆరింటికి బయల్దేరితే ఎనిమిదికల్లా ముళబాగిలు. ఆ ఊరు దోసెకి పేరు. మామూలు దోసె లెక్కన వెడల్పుగా ఉండదు. చిన్నది, మందంగా ఉంటాది, పైన ఎర్రగా కరకర, లోపల మెత్తన. నెయ్యి కారతా ఉంటాది. పెద్ద హోటళ్ళలో వెతకొద్దండి. సందుల్లో చిన్న చిన్నవి ఉంటాయి. బయట ఎన్ని బైకులున్నాయో చూసి దూరిపోవడమే.

అక్కణ్ణుంచి 10 కి.మీ. లోపలికి పోతే కురుడుమలె వినాయకుడు. ఒకే రాతి విగ్రహం, 13 అడుగులు దాకా ఉంటాడు. కొత్త పని మొదలుపెట్టేముందు ఆయనకి చెప్పుకుని పోతారు. పల్లెటూరి గుడి, తోపులాట ఉండదు, అత్తయ్యగారు నిమ్మళంగా కూర్చోవచ్చు. పిల్లలు కేజీఎఫ్ అని గోల చేస్తారు, ముందే చెప్పుకోండి, బంగారు గనులు 2001లోనే మూతపడినాయి, చూసేదానికేం లేదని.

ఇంకొకటి, అసలు సంగతి. ఇది అనపకాయల కాలం. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన గోతాలు పోసుకుని అమ్ముతా ఉంటారు. కొనకుండా వచ్చినారంటే మీరు ఆ రోడ్డు మీదకి పోయినట్టే కాదు. ఇంట్లో పితికిపప్పు చేసుకోండి.

కాకినాడ_కాజా
ఆనపకాయ కోసం కోలారు దాకా ఎందుకండీ? మా అమ్మ పంపిస్తుంది బస్సులో. పందిరి మీద నాలుగు వేలాడుతున్నాయి.

చిత్తూరోడు
అయ్యా సామీ, అది సొరకాయ! మీది దీర్ఘం ఉండే ఆనపకాయ. మాది దీర్ఘం లేని అనపకాయ. చిక్కుడు జాతి. కాయ ఒలిచి, గింజలు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున బొటనవేలు చూపుడువేలు మధ్య పెట్టి పితికితే పప్పు టప్‌మని బయటికి దూకుతాది. తొక్క చేతిలో మిగులుతాది. అదే పితికిపప్పు. సంగట్లోకి ఆ పులుసు ఉంటే మటన్ గుర్తు రాదు.

మారతహళ్ళి_మామ
మటన్ మాట ఎత్తకండి, బాబు ఏడుస్తాడు.

బసవనగుడి_మనవరాలు
మా తాతగారి నాన్నగారు ఈ ఊరు వచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నాను కానీ రెండు మాటలు చెప్పాలి.

ఒకటి, @చిత్తూరోడు చెప్పిన పితికిపప్పే ఇక్కడ హితికిద అవరెబేళె. మన 'ప' కన్నడంలో 'హ' అయింది. పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు, పల్లె హళ్ళి, పితుకు హితుకు. జనవరిలో బసవనగుడి వైపు అవరెబేళె మేళా పెడతారు, ఆ గింజతో దోసె, హోళిగె (మన బొబ్బట్టు), చివరికి జిలేబీ కూడా చేస్తారు. జిలేబీ నాకు నచ్చలేదు, దోసె మాత్రం తినండి. కాయకి మంచు పట్టి, చేతికి జిడ్డులా అంటి, ఒక వాసన వస్తుంది చూడండి, దాన్ని సొగడు అంటారు. మా అమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చూడకుండా ఒక్క కాయ కూడా కొనదు. చలి తగ్గాక వచ్చే కాయకి అది ఉండదు.

రెండు, సాంబారులో బెల్లం. మాటిమాటికీ వెక్కిరిస్తారేంటండీ? గోదావరి వాళ్ళు ముక్కల పులుసులో బెల్లం వేస్తే రుచి, కన్నడిగులు సాంబారులో వేస్తే నేరమా? మా ఇంట్లో నూరేళ్ళుగా బెల్లం వేస్తున్నారు. ఎవరూ పోలేదు.

కాకినాడ_కాజా
మమ్మల్ని లాగారు కాబట్టి చెప్తున్నానండీ. పులుసులో వేసే బెల్లం పులుపుని సర్దడానికి. ఇక్కడ కొన్ని హోటళ్ళలో పాయసం అనుకుని తాగేశాను ఒకసారి.

లెక్కల_మాస్టారు
@బసవనగుడి_మనవరాలు మీ సూత్రం ప్రకారం పప్పు కూడా హప్పు కావాలి కదా?

బసవనగుడి_మనవరాలు
@లెక్కల_మాస్టారు అప్పడాన్ని హప్పళ అంటారు. చాలా?

లెక్కల_మాస్టారు
చాలు.

బ్రాడీపేట_బాబు
నాన్నకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ముళబాగిలు ఖాయం. "ముళబాగిలు అంటే ఏంటి?" అని అడిగారు. మూడల బాగిలు, అంటే తూర్పు వాకిలి అని ఎక్కడో చదివి చెప్పాను. అప్పట్నుంచి ముప్ఫై రోజుల్లో కన్నడం పుస్తకం తీశారు. టెన్షన్‌గా ఉంది.

ఫిల్టర్_పద్మ
నా బసవనగుడి పోయినట్టేనా 🙁

బ్రాడీపేట_బాబు
@ఫిల్టర్_పద్మ మళ్ళీసారి పద్మగారూ. నాన్నని ఒక్కరినే తీసుకొస్తాను, మోకాళ్ళు లేకుండా.

సైలెంట్_రీడర్
ఆదివారం అయిపోయింది. ఏమైంది?

మారతహళ్ళి_మామ
బాబు ఊరు మారిపోయాడేమో.

బ్రాడీపేట_బాబు
ఇప్పుడే కూర్చున్నాను. బొటనవేలి గోరు నొప్పి, టైపు చెయ్యలేకపోతున్నా. ఎందుకో చెప్తాను.

ఆరున్నరకి బయల్దేరాం. హోస్కోటె దాటుతుంటే అదే వరస, అవే మంకీ క్యాపులు. నాన్న అద్దం దించి "రేషన్ షాపా?" అన్నారు. నేను స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. అత్తయ్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. వెనక సీట్లోంచి పెద్దాడు "తాతయ్యా, నాన్నకి కుష్కా ఇచ్చింది ఇక్కడే" అని అరిచాడు. పిల్లల్ని ఎందుకు కంటామో.

ఎనిమిదిన్నరకి ముళబాగిలు. బైకులు లెక్కపెట్టి ఒక సందులో దూరాం. నాలుగు బల్లలు, గోడకి దేవుళ్ళ పటాలు, మూలన పెనం. పెనం ముందాయన పిండి వేసి, పల్చగా లాగకుండా వదిలేసి, నెయ్యి చుట్టూ పోశాడు. చుర్రుమంది. నాన్న చొక్కా సర్దుకుని, పుస్తకంలో నేర్చుకున్నది మొత్తం ఒకేసారి అన్నారు: "నమగె ఏళు దోసె కొడి, దయవిట్టు." ఆయన తల తిప్పకుండానే "కూర్చోండి సార్, ఆలుగడ్డ పల్యా వెయ్యాలా?" అన్నాడు. తెలుగులో. నాన్న మొహం చూడాలి. అయినా వదల్లేదు. ఆయన తెలుగులో, నాన్న కన్నడంలో, అరగంట మాట్లాడుకున్నారు. అమ్మ తలొంచుకుని తింటూనే ఉంది. ఏడు దోసెలు అనుకున్నది పంతొమ్మిది అయ్యాయి. చిన్నాడు కూడా రెండు తిన్నాడు, వాంతి లేదు.

సాంబారు? ఎవరూ అడగలేదు. మీరు అడుగుతారని ఇప్పుడు గుర్తొచ్చింది.

కురుడుమలెలో అత్తయ్య గంటసేపు కదల్లేదు. విగ్రహం ముందు నిలబడితే మనం ఆయన బొజ్జ దాకా కూడా రాం. చిన్నాడు మెల్లగా "ఈయన ఎన్ని దోసెలు తింటాడు?" అన్నాడు. పూజారి నవ్వేశాడు.

ఇక అనపకాయలు. కోలారు దాటాక గోతాలు కనిపించాయి. అమ్మ "చిక్కుడు గింజలేగా, రెండు కిలోలు చాలు" అంది. అత్తయ్యది కాకినాడ. అమ్మే ఆవిడ తెలుగులోనే "అనపకాయలమ్మా" అనేసరికి, "ఆనపకాయా? ఎక్కడ, కనిపించట్లేదే?" అని గోతాల వెనక వెతుకుతోంది. తేలేదాకా పది నిమిషాలు. తర్వాత పంతం. అమ్మ ఒక గోతాం దగ్గర బేరం, అత్తయ్య ఇంకో గోతాం దగ్గర బేరం. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు కొన్నారు. ఇంటికొచ్చి తూస్తే పదకొండు కిలోలు. కారు ఇప్పటికీ సొగడు.

రాత్రి హాల్లో పాత చీర పరిచి ఏడుగురం ఒలిచాం. నానబెట్టాం. ఈరోజు ఆఫీసుకి సెలవు పెట్టి పితికాను. పిల్లలు పప్పుని ఒకరి మీదకొకరు గురి చూసి కొట్టుకున్నారు. ఫ్యాన్ రెక్క మీద ఒకటి ఉంది, ఎలా ఎక్కిందో తెలియదు.

చిత్తూరోడు
పదకొండు కిలోలా!! నేను కొనమంటే రెండు మూడు కిలోలు అనుకున్నా సామీ. ఫ్రీజర్లో పెట్టు, నెలైనా బాగుంటాది. పులుసులో కొబ్బరి, గసగసాలు నూరి వేసినారా?

బ్రాడీపేట_బాబు
@చిత్తూరోడు అక్కడే గొడవ. అమ్మ చింతపండు పులుసు అంది, అత్తయ్య కొబ్బరి అంది. రెండు గిన్నెల్లో రెండూ అయ్యాయి. అత్తయ్య గిన్నెలో బెల్లం వేసింది. నాన్న రెండుసార్లు వేయించుకున్నారు. అది బెల్లం అని ఎవరూ చెప్పలేదు.

బసవనగుడి_మనవరాలు
😌

కోరమంగళ_కోడలు
పులిహోర పట్టుకెళ్ళారా లేదా?

బ్రాడీపేట_బాబు
పట్టుకెళ్ళాం. మధ్యాహ్నం తిన్నది అదే. పంతొమ్మిది దోసెల తర్వాత భోజనం హోటలు వెతికే ఓపిక ఎవరికుంది.

కోరమంగళ_కోడలు
@మారతహళ్ళి_మామ చదివావా?

మారతహళ్ళి_మామ
చదివాను అక్కా.

బ్రాడీపేట_బాబు
ఇందాక బావ ఫోన్ చేశాడు. అమ్మ అన్నీ చెప్పేసింది. సంక్రాంతి సెలవులకి మళ్ళీ వస్తాడట, పితికిపప్పు పులుసు దాచమన్నాడు. "అందులోకి మటన్ ఉంటుందిగా?" అని అడిగాడు.

మారతహళ్ళి_మామ
ఖాలీ అని చెప్పు.